ఆటల పీరియడ్ పిల్లలకు తిరిగివ్వండి

శ్రీ సత్యసాయి జిల్లా ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, పాఠశాల యాజమాన్య కమిటీల ఛైర్మన్లకు, సభ్యులకు,

కొత్తచెరువు నుంచి ఒక తల్లి నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.



చలికాలం మొదలైందంటే మన బళ్లలో అన్నిటికంటే ముందు పోయేది ఆటల పీరియడ్. టైంటేబుల్ కాగితం మీద దాని పేరు అలాగే ఉంటుంది. ఆ గంటలో జరిగేది మాత్రం లెక్కల స్లిప్ టెస్టు. పదో తరగతితో మొదలైన ఈ అలవాటు తొమ్మిదికీ ఎనిమిదికీ కూడా పాకింది. అడిగితే "పరీక్షలు దగ్గరపడ్డాయమ్మా, ఇప్పుడు ఆటలేంటి?" అంటున్నారు. ఈ మాట ఒక బడిదో ఒక సారుదో అయితే నేనీ ఉత్తరం రాసేదాన్ని కాను. ఎక్కడికి వెళ్లినా ఇదే మాట. తల్లిదండ్రులు కూడా ఇదే అంటున్నారు, కమిటీ సభ్యులు తలూపుతున్నారు. దీన్ని నేను ఒప్పుకోలేను. ఎందుకు ఒప్పుకోలేనో మీ అందరి ముందూ చెప్పుకోవాలనే రాస్తున్నాను.

మీ కష్టం నాకు తెలియక కాదు. పాస్ పర్సంటేజీ తగ్గితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మీరే. ఈ సీమలో పదో తరగతి సర్టిఫికెట్ విలువ ఏమిటో కూడా నాకు తెలుసు. వాన మొహం చాటేసిన ఏడు చెనిక్కాయ పంట పెట్టుబడి కూడా తిరిగిరాదు. బోరు వేస్తే నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు, పడినా ఎన్నాళ్లుంటాయో తెలియదు. ఊరు విడిచి బెంగళూరుకు కూలికి పోయే రైలు ఎక్కకుండా బిడ్డను ఆపగలిగేది చదువొక్కటేనని తల్లులమంతా నమ్ముతున్నాం. ఆ నమ్మకం తప్పు కాదు. అయితే ఆ చదువు కోసం ఆటను తీసేయాలని ఎవరు తేల్చారు? వారానికి రెండు మూడు గంటలు పిల్లలు మైదానంలో పరిగెత్తితే ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులు పోతాయో మీలో ఎవరైనా లెక్కగట్టి చూశారా? పొద్దున ప్రత్యేక తరగతి, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో ఉన్న ఆ ఒక్క గంటనూ పరీక్షకే ఇచ్చేస్తే, ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని ఉన్నంత మాత్రాన చదువుతున్నట్టేనా?

మన జిల్లా బిడ్డ సంగతే ముందు చెబుతాను. 2025 నవంబరు 23న కొలంబోలో అంధ మహిళల టీ20 ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. ఆ కప్పును పెట్టడం అదే మొదటిసారి. భారత్ నేపాల్‌ను 7 వికెట్ల తేడాతో ఓడించింది. టోర్నీ మొత్తంలో ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదు. ఆ జట్టు కెప్టెన్ టి.సి. దీపిక. ఊరు మడకశిర ప్రాంతంలోని తంబలహట్టి. మనం రోజూ చూసే ఎర్రనేలల అవతలి కొసన, మూడు వైపులా కర్ణాటక చుట్టుకుని ఉన్న మూల అది. వ్యవసాయ కుటుంబం. పసితనంలోనే కంటికి దెబ్బ తగిలి చూపు పోయింది. అటువంటి బిడ్డకు క్రికెట్ ఎక్కడ దొరికింది? మన జిల్లా బడిలో కాదు. సరిహద్దు దాటి కర్ణాటకలోని అంధుల పాఠశాలలకు వెళ్లాక అక్కడి టీచర్లు ఆమె చేతికి బంతి ఇచ్చారు. ఆ టీచర్లకు దండం పెడుతున్నాను. మనకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. దీపిక మన దగ్గరే చదివి ఉంటే, మీ బడిలో, మా ఊళ్లో చదివి ఉంటే, ఆమెను ఎవరైనా మైదానంలోకి తీసుకెళ్లేవారా?

కప్పు గెలిచి వచ్చాక ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఆ జట్టును పిలిపించుకుని సన్మానించారు. అప్పుడు దీపిక అడిగింది తన కోసం ఏమీ కాదు. మా ఊరికి సరైన రోడ్డు లేదు, వేయించండి అని అడిగింది. 6 కోట్ల రూపాయలకు పైగా మంజూరయ్యాయి. అడిగిన వెంటనే ఇచ్చినందుకు ఆయనకు కృతజ్ఞతలు చెప్పాల్సిందే. కానీ ఒక పల్లెకు దారి పడాలంటే ఆ పల్లె ఆడపిల్ల దేశానికి ప్రపంచ కప్పు తేవాలా? ఈ ప్రశ్న రోడ్ల శాఖకు ఎంత వర్తిస్తుందో మీకూ అంతే వర్తిస్తుంది. గెలిచిన బిడ్డ ఫొటో బడి గోడకు వేలాడదీయడానికి అందరమూ సిద్ధమే. గెలవకముందు ఆ బిడ్డ అదే బడి వరండాలో ఏం చేస్తూ కూర్చుంది?

నేను చూసింది చెబుతాను. బడి పేరు చెప్పను, చెబితే ఆ ఒక్క బడి తప్పే అనిపిస్తుంది. ఆటల గంట కొట్టారు. ఎనిమిదో తరగతి పిల్లలు చెప్పులు విప్పి గుట్టగా పడేసి, పుస్తకాల సంచులు వరండా మెట్ల మీద పెట్టి మైదానంలోకి ఉరికారు. కాలికి క్యాలిపర్ ఉన్న ఒక పిల్ల ఆ సంచుల పక్కనే కూర్చుంది. ఎవరి సంచి ఏదో, ఎవరి నీళ్ల సీసా ఏదో ఆమెకు కంఠతా వచ్చు. ఒకడు పరిగెత్తుకొచ్చి చేయి చాపితే చూడకుండానే వాడి సీసా తీసి అందించింది. ఎవరూ ఆమెను కసరలేదు, హేళన చేయలేదు. అందరికీ ఆమె అంటే ఇష్టమే. "ఆ పిల్ల భలే మంచిది మేడమ్, అన్నీ జాగ్రత్తగా చూసుకుంటుంది" అని టీచరమ్మ కూడా మెచ్చుకున్నారు. నాకు ఆ మెచ్చుకోలే బాధ కలిగించింది. బడిలో చేరిన రోజు నుంచి ఆమెకు ఆటల పీరియడ్ అంటే కాపలా పీరియడ్. డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవమని ఆమెను మండల కేంద్రానికి తీసుకెళ్లి కుర్చీలాట ఆడించి, ఒక స్టీలు గిన్నె బహుమతిగా ఇస్తారు. మిగతా సంవత్సరమంతా సంచులే.

చూపులేని వాళ్ల క్రికెట్ ఎలా ఆడతారో ఒకసారి దగ్గరగా చూడండి. బంతి గట్టి ప్లాస్టిక్‌ది. లోపల చిన్న చిన్న లోహపు గుళ్లుంటాయి, దొర్లితే గలగలమంటుంది. బౌలర్ "రెడీ?" అని అడగాలి. బ్యాటు పట్టిన అమ్మాయి "యెస్" అనాలి. అప్పుడు "ప్లే" అంటూ చేతిని కిందనుంచి ఊపి, నేలబారుగా బంతి వదలాలి. అవతలి అమ్మాయి ఒంగి, కొన్నిసార్లు మోకాలి మీద కూర్చుని, చప్పుడు ఎటునుంచి వస్తోందో విని బ్యాటు తిప్పుతుంది. చూసేవాళ్లు ఆ కాసేపు నోరు మెదపకూడదు. ఎందుకంటే బంతి శబ్దమే ఆమెకు చూపు. ఫీల్డింగ్‌లో ఉన్నవాళ్లు ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకుంటూ, చప్పట్లు కొడుతూ, ఎవరెక్కడున్నారో తెలుపుతూ ఉంటారు. ఒక్కదాన్నే గెలిపిస్తానని ఎవరూ అనుకోలేరు. పక్కనున్న మనిషి గొంతు వినపడకపోతే పరుగెత్తడమే సాధ్యం కాదు.

నన్ను ఎక్కువగా కదిలించింది ఆ ఆట నియమం. క్రీడాకారులను మూడు తరగతులుగా విడదీస్తారు. బి1 అంటే చూపు బొత్తిగా లేనివాళ్లు. బి2, బి3 అంటే కొద్దోగొప్పో కనిపించేవాళ్లు. పదకొండు మందిలో కనీసం నలుగురు బి1 వాళ్లు ఉండి తీరాలి. కాస్త ఎక్కువ చూపున్న బి3 వాళ్లు నలుగురికి మించడానికి వీల్లేదు. బి1 బ్యాటర్ కొట్టిన ప్రతి పరుగునూ రెండుగా లెక్కేస్తారు. బి1 ఫీల్డర్ ఒక్కసారి నేలకు తగిలిన బంతిని పట్టినా అవుటే. అంటే, అందరికంటే కష్టమైన స్థితిలో ఉన్న బిడ్డను వరండాలో కూర్చోబెట్టి కప్పు గెలిచే దారే ఆ ఆటలో లేదు. ఆమెను కలుపుకోవాలి, ఆమెకు ఆట నేర్పాలి, ఆమె తరఫున పరుగు తీయడానికి ఇంకొకరు సిద్ధంగా ఉండాలి, ఆమె కొట్టిన పరుగుకు విలువ ఎక్కువని అందరూ నమ్మాలి. దీపిక కెప్టెన్‌గా చేసిన పని ఇదే. ఆమె జట్టులో మన రాష్ట్రం నుంచే ఇంకో అమ్మాయి ఉంది, అల్లూరి సీతారామరాజు జిల్లా గిరిజన బిడ్డ పాంగి కరుణ కుమారి. ఫైనల్‌లో 44 పరుగులతో నాటౌట్‌గా నిలిచిన ఫూలా సరేన్ ఒడిశా అమ్మాయి. కన్నడం, తెలుగు, ఒడియా, అస్సామీ, మరాఠీ. ఒకరి భాష ఒకరికి రాదు, ఒకరి మొహం ఒకరికి సరిగా కనబడదు. అయినా ఒక జట్టయ్యారు.

ఇప్పుడు మన బడి లెక్క చూడండి. పాస్ కాలేడేమో అనిపించిన పిల్లాడు మన లెక్కలో బరువు. వాణ్ని సి గ్రేడు, డి గ్రేడు అని విడిగా కూర్చోబెడతాం. వాడికి ఆట ముందు ఆపేస్తాం, ఎందుకంటే వాడికే ఎక్కువ స్టడీ అవర్ కావాలంటాం. చాలాసార్లు వాడు కబడ్డీలో బడికే మొనగాడు. రోజంతా తలవంచుకుని కూర్చునే వాడు తలెత్తేది ఆ ఒక్క గంటలోనే. తరగతిలో మొదటి ర్యాంకు వచ్చే పిల్లాడు వాణ్ని "అన్నా, నన్ను నీ టీములో వేసుకో" అని బతిమాలేది కూడా అక్కడే. ఆ గంటను తీసేశాక వాడికి బడికి రావడానికి ఏం కారణం మిగిల్చారు? అమ్మానాన్న బెంగళూరులో కాంక్రీటు పనికి పోయి, అవ్వ దగ్గర పెరుగుతున్న పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉన్నారని నాకంటే మీకే బాగా తెలుసు. పొద్దున లేపి బడికి తరిమే నాన్న వాళ్ల ఇంట్లో లేడు. "రేపు మ్యాచుంది, రాకపోతే చూడు" అని దారిలో పిలిచే స్నేహితుడున్నాడు. ఆ స్నేహితుణ్ని వాళ్లకు ఇచ్చింది ఆటే. డ్రాపౌట్లను తిరిగి బడికి తేవడానికి ఇల్లిల్లూ తిరిగే మీరు, వాళ్లను బడికి కట్టేసిన తాడును మీ చేతులతోనే ఎందుకు తెంచుతున్నారు?

ఇది మీ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడిన విషయం కూడా కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది, ఆట సామగ్రి ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలున్న చోట ఆరోగ్యం, వ్యాయామ విద్య చెప్పడానికి కనీసం పార్ట్‌టైమ్ బోధకుణ్నయినా పెట్టమంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకా స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వ నిధులు అందుకునే బడిగానీ, గుర్తింపు పొందిన బడిగానీ దివ్యాంగ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలి, మిగతా పిల్లలతో సమానంగా వాళ్లకూ చదువు, ఆటలు, వినోదం అందించాలి. సమానంగా అన్నారు. ఏడాదికోసారి కుర్చీలాట సమానమవుతుందా? సంచుల కాపలా సమానమవుతుందా? మండలంలో భవిత కేంద్రం ఉంది, అక్కడ ఆ పిల్లల గురించి శిక్షణ పొందిన టీచర్లున్నారు. వాళ్లను ఒక్క పూట మీ పీఈటీ సారుతో కూర్చోబెట్టి, ఈ పిల్లను ఏ ఆటలో ఎలా కలపవచ్చని అడిగిన ప్రధానోపాధ్యాయులు మీలో ఎందరు?

కమిటీ సభ్యులారా, మీకు కూడా చెప్పాలి. అదే విద్యాహక్కు చట్టం మీ కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని రాసింది. బడి ఎలా నడవాలో నిర్ణయించే అధికారంలో మీకు వాటా ఇచ్చింది. మన కొత్తచెరువుకు ఈ విషయంలో ఒక గౌరవం కూడా దక్కింది. 2025 జులై 10న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ సమావేశం పెట్టినప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, విద్యాశాఖ మంత్రి లోకేశ్ వచ్చి కూర్చున్నది మన ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనే. ఆ రోజు ఊరంతా బడిని చూసి పొంగిపోయింది, నేనూ పొంగిపోయాను. పండగ సందడి సద్దుమణిగాక మిగిలే పని మనదే. మీరు నెలనెలా కూర్చునే మీటింగుల మినిట్స్ పుస్తకం తెరవండి. మధ్యాహ్న భోజనం గుడ్ల సంగతి ఉంటుంది, మరుగుదొడ్ల నీళ్ల సంగతి ఉంటుంది, ప్రహరీ గోడ సంగతి ఉంటుంది. అవన్నీ ఉండాల్సినవే. ఆటస్థలం గురించి ఒక్క తీర్మానమైనా కనబడుతుందా? ఉంటే, అది ఆ స్థలాన్ని పెళ్లికో ఎగ్జిబిషన్‌కో ఇవ్వడం గురించి కాకుండా పిల్లల ఆట గురించే ఉందా?

డబ్బు లేదంటారు. నిజమే, మన బళ్లకు డబ్బు కొరత ఉంది. అయితే ఆటలన్నీ డబ్బు అడగవు. ఖోఖోకు ఏం కావాలి? రెండు కొయ్యలు, గీతలు గీయడానికి గుప్పెడు సున్నం. ఎనిమిది మంది ఒకరు తూర్పుకు, పక్కవాళ్లు పడమరకు మొహం పెట్టి వరసగా కూర్చుంటారు. తరిమేవాడు అడుగు వేశాక దిశ మార్చుకోకూడదు. తాను ఆగి, కూర్చున్న వాడి వీపు తట్టి "ఖో" అని లేపి, ఆ చోట తాను కూర్చోవాలి. తన వల్ల కానప్పుడు పక్కవాణ్ని లేపాలన్న తెలివి పిల్లల ఒంటికి ఇంత బాగా ఎక్కించే ఆట నాకింకోటి తెలియదు. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖోకు మొదటి ప్రపంచ కప్ పెడితే ఆడవాళ్లలో, మగవాళ్లలో కూడా మన దేశమే గెలిచింది. ఈ ఆట మన మట్టిది. దీన్ని ఆడించకపోవడానికి నిధులు లేవన్న కారణం నిలుస్తుందా?

కొందరు ఇంకో మాట అంటున్నారు. ఆటలు కావాలనుకునే వాళ్లకు అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఉంది కదా, అక్కడికి పంపండి అని. ఆర్డీటీ ఈ కరువు నేలకు చేసిన మేలు ఈ ఉత్తరంలో పట్టదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చి మొదలుపెట్టిన ఆ పని ఆసుపత్రులుగా, ఇళ్లుగా, బళ్లుగా, ఆటల మైదానాలుగా పెరిగింది. అనంతపురంలోని ఆర్డీటీ మైదానంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచులు ఆడారు. అక్కడ శిక్షణ పొందిన బారెడ్డి అనూష 2023 జులైలో బంగ్లాదేశ్ మీద భారత జట్టు తరఫున తొలి టీ20 ఆడింది. ఆ అమ్మాయిది నార్పల మండలం బండ్లపల్లి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలుపెట్టింది ఆ ఊళ్లోనే. కూలి పని గ్యారంటీ కోసం ప్రధానమంత్రి వచ్చిన ఊరి నుంచి దేశానికి స్పిన్నర్ వచ్చిందంటే మన పిల్లల్లో ఏమి దాగుందో అర్థం చేసుకోండి. కానీ రెండు జిల్లాల పిల్లల బరువు ఒక్క సంస్థ ఎంతకాలం మోస్తుంది? 2025లో ఆ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి కొనసాగించాలని జనం రోడ్లెక్కాల్సి వచ్చినప్పుడు, మన పిల్లల ఆట ఎంత సన్నటి దారం మీద నిలబడిందో తెలిసిరాలేదా? పైగా ఆర్డీటీ మైదానందాకా చేరడానికి కూడా ముందు ఒక బిడ్డ తన ఊరి బడిలో పరిగెత్తాలి కదా. ఆ పరుగు చూసి "ఈ పిల్లలో ఏదో ఉంది" అనుకునే కళ్లు బడిలో ఉండాలి కదా.

అలాంటి కళ్లు ఉంటే ఏమవుతుందో పక్క రాష్ట్రంలో చూశాం. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తికి మేధోపరమైన లోపం ఉంది. ఊళ్లో నానా మాటలన్నారు. ఇంట్లో హైదరాబాదుకు బస్సు టికెట్ కొనే స్థోమత కూడా లేదు. కోచ్ నాగపురి రమేశ్ ఆమె పరుగు చూసి వదల్లేదు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం తెచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఈ కథలో పతకం ఎంత ముఖ్యమో బస్సు చార్జీ కూడా అంత ముఖ్యం. మన దగ్గర ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్స్ వచ్చినప్పుడు ఏం జరుగుతోంది? మండలంలో గెలిచిన జట్టు జిల్లా పోటీలకు పోవాలంటే పీఈటీ సార్ జేబులోంచి డబ్బు తీస్తున్నాడు. ఆయన దగ్గర లేకపోతే పిల్లలు తలా ఇంత వేసుకోవాలి. వేసుకోలేని పిల్ల "జ్వరం సార్" అని ఆగిపోతుంది. ఆ జ్వరం అబద్ధమని ఆయనకూ తెలుసు, ఏమీ అనలేడు. ఇలా ఆగిపోయిన వాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. ఇక్కడ తప్పు ఎక్కువగా మాది, తల్లిదండ్రులది. ఏడో తరగతి వరకు పరిగెత్తిన పిల్లను పెద్దమనిషి అయిందని ఎనిమిదిలో కూర్చోబెట్టేది మేమే. అయితే ఇంటి నుంచి వచ్చే ఆ భయాన్ని బడి తీర్చకుండా ఇంకా ముదరబెడుతోంది. దుస్తులు మార్చుకోవడానికి తలుపున్న గది లేదు. సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక ఊరికి పోయే బస్సు దొరకదు. పోటీలకు పోయినప్పుడు వెంట మహిళా టీచర్ ఉండరు. ఇన్ని లోట్లు పెట్టుకుని "ఆడపిల్లలు ఆటలకు రావడం లేదండీ" అని రిపోర్టులో రాస్తే సరిపోతుందా? చూపులేని ఆడపిల్లను ఊరు దాటించి, రాష్ట్రం దాటించి, సముద్రం దాటించిన ఆ తంబలహట్టి తల్లిదండ్రులకు ఎంత భయం వేసి ఉంటుంది! వాళ్లకు ఎవరో ఒక టీచర్ ఎదురుగా కూర్చుని, "నేనున్నానమ్మా, పంపండి" అని చెప్పి ఉంటారు. ఆ మాట చెప్పాల్సింది ఇప్పుడు మీరు.

ఆట కూడు పెడుతుందా అని అడిగే తండ్రులకు కూడా జవాబుంది. రాష్ట్ర క్రీడా విధానం ప్రభుత్వోద్యోగాల్లో క్రీడా కోటాను 3 శాతానికి పెంచింది. మెగా డీఎస్సీలో ఆ కోటా కింద టీచర్లయిన వాళ్లున్నారు. అయినా నేను ఈ వాదన మీద ఎక్కువసేపు నిలబడను. నూరుమంది ఆడితే ఉద్యోగం వచ్చేది ఒకరికి. మిగతా తొంభై తొమ్మిది మందికీ ఆట ఇచ్చేది వేరే ఉంది. ఓడిపోయి మర్నాడు మళ్లీ రావడం, తన తప్పు వల్ల జట్టు ఓడితే ఆ మాట ఒప్పుకుని నిలబడటం, తోటివాడు పడిపోతే ఆట ఆపి లేపడం. కరువు జిల్లాలో బతకాల్సిన పిల్లలకు ఇవి కొసరు చదువులని ఎలా అనగలం? పంట పోయిందని, అప్పు తీరలేదని ఉరికొయ్యకు వేలాడిన రైతుల ఇళ్లు ఈ సీమలో ఎన్నున్నాయో మీకు నేను చెప్పాలా? ఒంటరిగా మోయలేని బరువును నలుగురితో చెప్పుకోవచ్చని పిల్లలు నేర్చుకునే చోటు బడిలో ఇంకేదైనా ఉంటే చూపించండి.

మీరు చేయాల్సింది పెద్దదేమీ కాదు, పై నుంచి జీవో రావాల్సిన పని కూడా లేదు. పదో తరగతితో సహా ఏ తరగతి ఆటల పీరియడ్‌నూ ఏ నెలలోనూ ఇంకో సబ్జెక్టుకు ఇవ్వబోమని తీర్మానం చేయండి. ఆ గంటలో వరండాలో ఒక్క బిడ్డ కూడా కూర్చోకూడదని పీఈటీ సార్లకు చెప్పండి. కాలు లేని పిల్ల ఖోఖోలో అంపైరింగ్ నేర్చుకోవచ్చు, చక్రాల కుర్చీలో ఉన్నవాడు త్రోబాల్ విసరొచ్చు, చూపులేని వాడికి గలగలమనే బంతి కొనివ్వొచ్చు. ఒక్క బంతి కొన్నంత మాత్రాన ఏ బడీ దివాలా తీయదు. జిల్లా పోటీలకు పోయే పిల్లల చార్జీలను కమిటీ బాధ్యతగా తీసుకోండి. మీ దగ్గర లేకపోతే మమ్మల్ని అడగండి. ఈ ఊళ్లో చెనిక్కాయ మిషను వాళ్లున్నారు, పట్టుచీరల వ్యాపారులున్నారు, బెంగళూరులో స్థిరపడి పండక్కి వచ్చిపోయే పిల్లలున్నారు. గుడి తిరునాళ్లకు చందా ఇచ్చే చెయ్యి పిల్లల బస్సు టికెట్‌కు ముడుచుకుంటుందని నేననుకోను. అడిగేవాళ్లు లేక ఇవ్వలేదు. ఆడపిల్లల వెంట ఒక టీచరమ్మ వెళ్లలేకపోతే మా తల్లుల్లో ఒకరు వస్తాం, అనుమతి ఇవ్వండి.

ఇక ఆ క్యాలిపర్ పిల్ల. ఆమె ఇప్పుడు తొమ్మిదికి వచ్చింది. బహుశా ఇంకొక్క ఏడాదే ఆ బడిలో ఉంటుంది. మీ తీర్మానం వచ్చే జూన్‌కు వాయిదా పడితే ఆమెకు ఈ ఏడాది కూడా సంచుల కాపలాలోనే పోతుంది. అందుకే అడుగుతున్నాను. ఈ నెల కమిటీ మీటింగులోనే ఆటల పీరియడ్‌ను మొదటి అంశంగా పెడతారా? పెడితే ఆ రోజు నేనూ, నాతోపాటు మరికొందరు తల్లులూ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాం. చేసిన తీర్మానం నకలు నోటీసు బోర్డు మీద అంటించండి, ఎవరు సంతకం పెట్టారో, ఎవరు పెట్టలేదో పిల్లలు కూడా చదువుకుంటారు.

ఇట్లు,
మీ బడి పిల్లల తల్లుల్లో ఒకరు,
కొత్తచెరువు, శ్రీ సత్యసాయి జిల్లా